చల్లని ఇంటికి ఖర్చెవరిది?

మండువేసవిలోనూ తక్కువ కరెంటుతో చల్లగా ఉండే ఇల్లు కట్టడం తెలియని విద్యేమీ కాదు. దానికి కావలసిన సొమ్మూ అందనంత ఎక్కువ కాదు. ఖర్చు ఒకరి జేబులోంచి పోతే లాభం మరొకరికి చేరడమే అసలు చిక్కు. ఆత్మకూర్ లాంటి చిన్న పట్టణంలో ఈ చిక్కు మరింత గట్టిగా బిగుసుకుంది.

ఒక భవనం ఎంత కరెంటు కాలుస్తుందన్నది మూడు సంగతులు తేలుస్తాయి. పైకప్పు, గోడలు, కిటికీలు ఎండ వేడిని ఎంతమేర లోపలికి రానిస్తాయన్నది మొదటిది. లోపలి ఫ్యాన్లు, బల్బులు, కూలర్లు, ఏసీలు ఎంత కరెంటు తీసుకుంటాయన్నది రెండోది. ఇంట్లోవాళ్లు వాటిని ఎంతసేపు, ఎలా వాడతారన్నది మూడోది. పాలమూరు (మహబూబ్‌నగర్), నల్గొండ మెట్ట ప్రాంతాల్లో మొదటిదే ఎక్కువ బరువు తూగుతుంది. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. పైగా ఎక్కువ ఇళ్లకు పై అంతస్తు ఉండదు, ఎండంతా ఇంటి కప్పు మీదే పడుతుంది.

ఈ ప్రాంతంలో ఆత్మకూర్లు మూడున్నాయి. ఉమ్మడి నల్గొండలోని ఆత్మకూర్ (ఎం) ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో, ఆత్మకూర్ (ఎస్) సూర్యాపేట జిల్లాలో ఉన్నాయి. ఇక్కడ మాట్లాడుకుంటున్నది ఉమ్మడి మహబూబ్‌నగర్‌లోని ఆత్మకూర్ గురించి, అది ఒకప్పుడు సంస్థాన కేంద్రం. ఇప్పుడది వనపర్తి జిల్లాలో, జూరాల ప్రాజెక్టుకు చేరువలో ఉన్న మున్సిపాలిటీ. పట్టణం దాదాపు 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటంతో మే మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఆ వేళ గోడలకు తగిలే ఎండ తక్కువ, కప్పుకు తగిలేది నిండుగా. ఇల్లు చల్లబరచాలంటే ముందు చూడాల్సింది కప్పునే అనడానికి కారణం ఇదే.

మిద్దె పోయి స్లాబు వచ్చింది

ఈ ప్రాంతపు పాత ఇల్లు మట్టి మిద్దె. రాయి, మట్టి కలిపి కట్టిన రెండడుగుల మందం గోడలు, దూలాలు, వాటిమీద అడ్డంగా దంతెలు, ఆపైన మందంగా మట్టి. వాన నీరు దిగకుండా అన్నిటికన్నా పైన చౌడు పరిచేవారు. అంత మందం గోడ గుండా, కప్పు గుండా వేడి లోపలికి చేరడానికి గంటలు పడుతుంది. మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి వచ్చేసరికి బయట పొద్దు గూకి గాలి చల్లబడేది. రాత్రి ఎలాగూ మిద్దె మీదో వాకిట్లోనో పడుకునేవారు కాబట్టి, ఆలస్యంగా దిగిన వేడితో ఇబ్బంది ఉండేది కాదు.

మిద్దెలు ఊరికే పోలేదు. కప్పు మీదికి ఏటా చౌడు ఎక్కించాలి. ఒక్క ఏడు ఏమరితే ఉరుస్తుంది. దూలాలకు చెద పడుతుంది, కలప ధర అందకుండా పోయింది, మిద్దె పని తెలిసిన చేతులు తగ్గాయి. అన్నిటికన్నా స్థలం ధర పెద్ద దెబ్బ కొట్టింది. నూరు గజాల స్థలమంటే 900 చదరపు అడుగులు. నలుచదరంగా, హద్దు నుంచి హద్దు వరకు ఇల్లు కడితే రెండడుగుల గోడలే 224 చదరపు అడుగులు మింగుతాయి, అంటే దాదాపు నాలుగో వంతు. తొమ్మిది అంగుళాల ఇటుక గోడలైతే 88 చదరపు అడుగులతో సరిపోతుంది. గజం లెక్కన స్థలం కొనే రోజుల్లో మందపాటి గోడ విలాసమైపోయింది.

వాటి స్థానంలోకి నాలుగైదు అంగుళాల కాంక్రీటు స్లాబు వచ్చింది. ఇది గట్టిది, ఉరవదు, పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చు. వేడిని ఆపడంలో మాత్రం బలహీనం. లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు చదరపు మీటరు కప్పు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో కొలిచే లెక్క ఒకటి ఉంది. ఏ హంగూ లేని స్లాబు గుండా మూడు వాట్లకు పైనే దాటుతుంది. 2018 డిసెంబరులో కేంద్రం తెచ్చిన నివాస భవనాల ఇంధన నియమావళి ‘ఎకో నివాస్ సంహిత’ కప్పుకు పెట్టిన పరిమితి 1.2 వాట్లు. అంటే మామూలు స్లాబు ఆ గీతకు రెండున్నర రెట్లు పైన ఉంది. పగలంతా వేడెక్కిన స్లాబు సాయంత్రం నుంచి ఆ వేడిని గదిలోకి వదులుతుంది. రాత్రి పది దాటినా ఫ్యాను కింద వేడిగాలే తగలడానికి కారణం అదే. రేకుల ఇళ్ల బాధ వేరు: రేకు క్షణాల్లో వేడెక్కుతుంది, పొద్దు గూకగానే చల్లారుతుంది, కాబట్టి అక్కడ పగలే నరకం.

కప్పు చల్లబరిచే దారులు, వాటి ధరలు

కప్పు చల్లబరచడానికి అన్నిటికన్నా చవకైన పని దానికి తెలుపు వేయడం. బూడిద రంగు కాంక్రీటు తన మీద పడిన ఎండలో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే తిప్పికొడుతుంది, మిగతాదాన్ని తాగేస్తుంది. మంచి తెల్లపూత కొత్తగా ఉన్నప్పుడు నాలుగింట మూడొంతులకు పైగా తిప్పికొట్టగలదు. సున్నం వేస్తే ఖర్చు నామమాత్రం, కానీ వానాకాలం దాటేసరికి కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. కంపెనీల తెల్లపూత కొన్నేళ్లు ఉంటుంది. 2023లో తెలంగాణ ప్రభుత్వం చల్లని కప్పుల విధానం ప్రకటించినప్పుడు వినిపించిన అంచనా చదరపు మీటరుకు సుమారు 300 రూపాయలు. ఆ లెక్కన 600 చదరపు అడుగుల కప్పుకు పదిహేడు వేల లోపు అవుతుంది.

పూత వేస్తే పని అయిపోదు. దుమ్ము పేరుకున్న కొద్దీ తెలుపు మాసి, తిప్పికొట్టే గుణం తగ్గుతుంది. వేసవికి ముందు ఒకసారి కడగాలి. పైగా మన దగ్గర డాబా ఖాళీగా ఉండే చోటు కాదు. మిరపకాయలు, పల్లీలు, వడియాలు ఎండేది అక్కడే, వేసవి రాత్రి పక్కలు పరిచేదీ అక్కడే. నడిచే కొద్దీ పూత అరుగుతుంది. పగిలిన తెల్లటి పింగాణీ ముక్కలు పరిచి సిమెంటుతో అతికే పద్ధతి ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే దానికి ఖర్చు, కప్పు మీద బరువు రెండూ పెరుగుతాయి, పని తెలిసిన మేస్త్రీ కావాలి.

తెలుపు ఎండను తిప్పికొడుతుంది గాని, స్లాబులోకి ఇంకిన వేడిని ఆపలేదు. అందుకు వేడి నిరోధక పలకలు పరిచి, పైన మళ్లీ కాంక్రీటు పొర వేయాలి. ఇది కొత్త ఇల్లు కట్టేటప్పుడు తేలిక, కట్టిన ఇంటికి చేయాలంటే తెల్లపూతకన్నా ఎన్నో రెట్లు ఖర్చు. గోడల సంగతికొస్తే, ఒత్తిడి ఆవిరిలో గట్టిపరిచిన (ఆటోక్లేవ్) తేలిక కాంక్రీటు దిమ్మెలు మట్టి ఇటుక కన్నా చాలా తక్కువ వేడిని లోపలికి రానిస్తాయి. సన్నగా ఉంటూనే పాత రాతి గోడ చేసిన పనిని కొంతవరకు అవి చేయగలవు. పడమటి కిటికీ మీద సజ్జ ఒక అడుగు ముందుకు పెంచడం, ఎదురెదురుగా కిటికీలు పెట్టడం, పాత ఇళ్లలో ఉన్న రోషన్‌దాన్ల మాదిరిగా పైన గాలి పోయే కంతలు వదలడం దాదాపు ఖర్చు లేని పనులు. కాకపోతే వాటి గురించి పునాది తీయకముందే ఆలోచించాలి.

హైదరాబాద్ నేర్పిన లెక్కలు

ఇంధన పొదుపు భవనాల కథలో తెలుగు నేలకు ప్రత్యేక స్థానం ఉంది. హైదరాబాద్‌లోని సీఐఐ–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపు వచ్చింది. అమెరికా బయట ఆ గుర్తింపు పొందిన మొదటి భవనం అదే. 2004 జూలై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. 20 వేల చదరపు అడుగుల ఆ భవనానికి మామూలు నిర్మాణం కన్నా 18 శాతం ఎక్కువ ఖర్చయింది. అది తిరిగి రావడానికి ఏడేళ్లు పడుతుందని లెక్క వేశారు. దానికి గుర్తింపు వచ్చిన రెండేళ్లకు గుర్‌గావ్‌లో అదే గుర్తింపు పొందిన విప్రో భవనానికి అదనపు ఖర్చు 8 శాతానికి, రాబడి గడువు ఐదేళ్లకు తగ్గింది. సామాను దొరకడం, పని అలవాటు కావడం పెరిగిన కొద్దీ ధర దిగివస్తుందనడానికి ఇది నిదర్శనం.

పోచారంలోని ఇన్ఫోసిస్ క్యాంపస్ మరో అడుగు ముందుకేసింది. 2011లో వాడుకలోకి వచ్చిన ఒక కార్యాలయ భవనాన్ని నిలువునా రెండు సగాలుగా విడదీశారు. ఒక సగంలో మామూలు ఏసీ, రెండో సగంలో స్లాబు లోపలి గొట్టాల్లో చల్లని నీరు తిప్పే పద్ధతి. రెండేళ్ల లెక్క చూస్తే చల్లబరచడానికి రెండో సగం 34 శాతం తక్కువ కరెంటు తీసుకుంది. నిర్మాణ ఖర్చు కూడా మామూలు పద్ధతి కన్నా పైసా ఎక్కువ కాలేదు. పొదుపు భవనమంటే ఖరీదైన భవనమే కానక్కర్లేదని, మొదటి గీత గీసేటప్పుడే ఆలోచిస్తే చాలని దాంతో తేలింది.

కప్పు తెలుపుకూ హైదరాబాద్‌లోనే కొలతలు దొరికాయి. నగరంలో ఏసీ ఉన్న రెండు వాణిజ్య భవనాల మీద జరిగి 2012లో వెలువడిన అధ్యయనం ప్రకారం, కాంక్రీటు కప్పుకు తెల్లపూత వేస్తే చదరపు మీటరుకు ఏడాదికి 13 నుంచి 14 యూనిట్లు మిగిలాయి. యూనిట్ ధర పది రూపాయలనుకుంటే ఏటా 130 రూపాయలకు పైనే ఆదా. 300 రూపాయల పూత ఖర్చు రెండేళ్ల మీద కొన్ని నెలల్లో తిరిగి వచ్చేస్తుంది. బట్టల షోరూముకు, బ్యాంకుకు, ఆసుపత్రికి ఇది కళ్లు మూసుకుని చేయదగిన పని.

ఏసీ లేని ఇంటికి ఈ లెక్క వర్తించదు. 2017లో హైదరాబాద్ దేవరకొండ బస్తీలో పేదల 25 ఇళ్ల కప్పుల మీద తెల్లటి పొర పరిచి చూస్తే, లోపలి గాలి సగటున రెండు డిగ్రీలు చల్లబడింది. ఆ చల్లదనం నిజమే, బిల్లులో మాత్రం అది పెద్దగా కనిపించదు, ఎందుకంటే ఫ్యాను అప్పుడూ తిరుగుతుంది, ఇప్పుడూ తిరుగుతుంది. చల్లని కప్పుల విధానం సొంత అంచనాలోనే ఈ తేడా కనిపిస్తుంది. 300 చదరపు కిలోమీటర్ల కప్పు మీద ఏటా 60 కోట్ల యూనిట్లు మిగులుతాయని ప్రభుత్వం లెక్కకట్టింది, అంటే చదరపు మీటరుకు రెండు యూనిట్లు. ఏసీ భవనంలో కొలిచిన దానిలో ఇది దాదాపు ఏడో వంతు. పేదింట్లో పొదుపు ఫలితం నిద్రలో, ఆరోగ్యంలో, మధ్యాహ్నం చేసుకోగలిగిన పనిలో ఉంటుంది. వాటికి మీటరు లేదు. అప్పు ఇచ్చే బ్యాంకు వాటిని లెక్కలోకి తీసుకోదు.

చట్టం చేరని గజాలు

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద, భారీ వాణిజ్య భవనాల కోసం 2007 మేలో ఇంధన పొదుపు భవన నియమావళి వచ్చింది. 100 కిలోవాట్లు, ఆపై లోడు ఉన్న భవనాలు దాని పరిధిలోకి వస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దాన్ని తనకు తగ్గట్టు మలచుకుని ఉత్తర్వులిచ్చింది. తర్వాత తెలంగాణ ఆన్‌లైన్ భవన అనుమతులతో దాన్ని ముడిపెట్టింది. 2022లో కేంద్ర చట్టాన్ని సవరించి పెద్ద నివాస సముదాయాలనూ ఆ పరిధిలోకి తెచ్చే దారి వేశారు.

2023 ఏప్రిల్ 3న తెలంగాణ ప్రకటించిన చల్లని కప్పుల విధానం దేశంలో ఏ రాష్ట్రమైనా తెచ్చిన వాటిలో మొదటిది. ఐదేళ్లలో హైదరాబాద్‌లో 200, మిగతా రాష్ట్రంలో 100 చదరపు కిలోమీటర్లు దాని లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలన్నిటికీ ఇది తప్పనిసరి. ఇళ్లకైతే 600 గజాలు, ఆపై స్థలంలో కట్టే వాటికే. అంతకు తక్కువైతే యజమాని ఇష్టం.

చిన్న పట్టణాలకు ఈ 600 గజాల గీత దగ్గరే చిక్కు వచ్చింది. ఆత్మకూర్ లాంటి చోట నూరు, నూట యాభై, రెండు వందల గజాల ఇళ్లే ఎక్కువ. 2020లో వచ్చిన భవన అనుమతుల చట్టం టీఎస్ బీపాస్ ప్రకారం 75 గజాల వరకు అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. 600 గజాల లోపు, పది మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు యజమాని స్వీయ ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. లంచాలు, జాప్యం తప్పించడానికి అది మేలైన ఏర్పాటే. అయితే ఇల్లు గాలి, ఎండ చూసి గీసిందా అని అడిగే మనిషి ఆ దారిలో ఎక్కడా తగలడు. చాలా ఇళ్లకు ఇంజనీరూ ఉండడు. సుతారి, ఇంటి యజమాని, వాస్తు చెప్పే ఆయన కలిసి ముగ్గు పోస్తారు.

బిల్లు రాని ఇంట్లో పొదుపు

కరెంటు ధరే మనిషిని పొదుపు వైపు తిప్పుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. దక్షిణ తెలంగాణ ఇళ్లలో ఆ సూత్రం సగమే పనిచేస్తుంది. గృహజ్యోతి పథకం కింద 2024 మార్చి నుంచి తెల్ల రేషన్ కార్డు కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు సున్నా. నెలకు 120 యూనిట్లు వాడే ఇంట్లో ఎంత పొదుపు చేసినా చేతికి రూపాయి రాదు. అక్కడ మిగిలిన ప్రతి యూనిట్ ఆదా విద్యుత్ పంపిణీ సంస్థకు (డిస్కమ్‌కు), దానికి సబ్సిడీ చెల్లించే ఖజానాకు చేరుతుంది.

200 దాటిన మరుక్షణం లెక్క తలకిందులవుతుంది, వాడినదంతటికీ బిల్లు పడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి అమలైన ధరల్లో ఆ శ్రేణికి మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయలు, తర్వాతి నూరు 7.70 రూపాయలు. 230 యూనిట్లు కాలిస్తే స్థిర చార్జీలు పోను 1,251 రూపాయలు. ఆ ఇంట్లో రోజుకు 15 గంటలు తిరిగే 75 వాట్ల ఫ్యాన్లు రెండు తీసి, 30 వాట్లతో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే నెలకు 40 యూనిట్లు తగ్గుతాయి. 190 యూనిట్ల దగ్గర బిల్లు మళ్లీ సున్నా. జత ఫ్యాన్లకు ఆరేడు వేలనుకున్నా, వేసవి నెలల్లో మాత్రమే గీత దాటే ఇల్లయినా ఒకటి రెండేళ్లలో డబ్బు తిరిగి వచ్చేస్తుంది. ఆ గీత అంచున ఉన్నవాళ్లకు పొదుపు తక్షణ లాభం, దూరంగా ఉన్నవాళ్లకు అసలు సంబంధం లేని మాట.

అద్దె ఇళ్లలో పేచీ ఇంకో రకం. పై అంతస్తులో మాడేది, బిల్లు కట్టేది కిరాయిదారు. కప్పుకు పూత వేయించాల్సింది యజమాని. పూత వేసినంత మాత్రాన కిరాయి పెరగదు కాబట్టి యజమాని వేయించడు, రేపో మాపో ఖాళీ చేసే ఇంటికి కిరాయిదారు ఎందుకు వేయిస్తాడు? అమ్మకానికి కట్టే బిల్డరుదీ అదే తీరు. కొనేవాళ్లు పాలరాయి, మాడ్యులర్ వంటగది చూస్తారు, స్లాబు లోపల ఏముందో అడగరు.

ప్రభుత్వమే యజమాని అయిన చోట

ఖర్చూ లాభమూ ఒకే చేతిలో ఉండే చోటు ఒకటుంది, అది ప్రభుత్వం సొంతంగా కట్టేవి, కట్టించేవి. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో లబ్ధిదారుకు నాలుగు విడతలుగా 5 లక్షల రూపాయలు ఇస్తారు: పునాదికి లక్ష, గోడలకు లక్షా పాతిక వేలు, స్లాబుకు లక్షా డెబ్బై ఐదు వేలు, పూర్తయ్యాక లక్ష. ఇల్లు 400 నుంచి 600 చదరపు అడుగుల మధ్య, కాంక్రీటు కప్పుతో ఉండాలి. అతి పెద్ద ఇంటికి తెల్లపూత ఖర్చు మొత్తం సాయంలో మూడున్నర శాతం లోపు. ఆఖరి విడతకు కప్పు తెలుపు షరతు పెట్టి, ఆ ఖర్చును సాయానికి జోడిస్తే లబ్ధిదారుపై భారం పడదు. ఆ ఇళ్లకు ఉచిత కరెంటు ఇచ్చేదీ అదే ప్రభుత్వం కాబట్టి, పెట్టిన డబ్బులో కొంతైనా ఖజానాకే తిరిగొస్తుంది.

బడులకూ ఇదే మాట. 26 వేలకు పైగా పాఠశాలల కోసం, 7,289 కోట్ల రూపాయల అంచనాతో ‘మన ఊరు – మన బడి’ 2022 మార్చి 8న వనపర్తిలోనే మొదలైంది. అందులోని 12 పనుల్లో కరెంటు వసతి ఉండేది, రంగులు వేయడం ఉండేది, మరమ్మతులు ఉండేవి. కప్పు వేడి తగ్గించడం విడి పనిగా లేదు. గోడలకు రంగు వేసే కూలీ మెట్లెక్కి కప్పుకూ తెలుపు వేస్తే పడే అదనపు ఖర్చు కొద్దిదే. మరుసటి ఏడాది వచ్చిన చల్లని కప్పుల విధానం ప్రభుత్వ భవనాలకు తప్పనిసరి కనుక, ఇకపై జరిగే ఏ మరమ్మతు అంచనాలోనైనా ఆ పద్దు రాయడానికి అడ్డు లేదు. నిర్వహణ పద్దు కూడా అక్కడే రాయాలి. ఏటా కడగడానికి, కొన్నేళ్లకోసారి మళ్లీ పూయడానికి డబ్బు కేటాయించకపోతే మొదటి పూత మాసి వృథా అవుతుంది.

సామాను, చేతులు

తేలిక కాంక్రీటు దిమ్మెలు, వేడి నిరోధక పలకలు నగరాల చుట్టూ దొరికినంత సులువుగా మెట్ట పట్టణాల్లో దొరకవు. లారీ కిరాయి, దారిలో పగిలేవి కలుపుకుంటే ధర పెరుగుతుంది. దగ్గరలో దొరికేవి రాయి, బూడిద. కృష్ణ మీద వంతెన దాటితే కర్ణాటక శక్తినగర్‌లో 1,720 మెగావాట్ల రాయచూర్ థర్మల్ కేంద్రం ఉంది, దాని బూడిదతో ఇటుక చేయవచ్చు. ఆ ఇటుక బట్టీలో కాలదు కాబట్టి తయారీలోనే ఇంధనం మిగులుతుంది. ఇంట్లో చల్లదనానికి మాత్రం దాని మీద పెద్దగా ఆశ పెట్టుకోనక్కర్లేదు, కప్పూ నీడా చూసుకోవాల్సిందే.

పనివాళ్ల కొరత మాట ఈ నేల మీద వింతగా వినిపిస్తుంది. ఆనకట్టలు, కాలువలు, నగరాల మేడలు కట్టడానికి దేశమంతా తిరిగిన పాలమూరు కూలీల ఊళ్లివే. వారికి రాతి పని తెలుసు, కాంక్రీటు తెలుసు. పూతకు ముందు కప్పు పగుళ్లు పూడ్చడం, తడి ఆరనివ్వడం, రెండు చేతులు వేయడం, పలకల అతుకుల్లో సందు లేకుండా చూడటం లాంటి కొత్త పద్ధతులు కొద్ది రోజుల శిక్షణతో వచ్చేవే. సరిగా వేయక ఊడిపోయిన పూత ఒక్కటి వీధిలో ఉంటే, ఇంకో పది ఇళ్లవాళ్లు వెనకడుగు వేస్తారు.

ఏది ముందు, ఎవరి వంతు

పేద ఇల్లయినా, పెద్ద మేడయినా పనుల వరుస ఒకటే. మొదట ఖర్చు లేనివి: సజ్జలు, ఎదురెదురు కిటికీలు, పడమటి వైపు చెట్టు లేదా పందిరి. తర్వాత కప్పు తెలుపు. ఆపైన ఫ్యాన్లు, ఎల్‌ఈడీ దీపాలు. కొత్తగా కట్టేవాళ్లకు స్లాబు మీద నిరోధక పొర. ఏసీ కొనడం తప్పనిసరైతే ఇవన్నీ అయ్యాకే, అప్పుడు చిన్న ఏసీతోనే పని జరుగుతుంది. పైకప్పు సోలార్ ఆఖరున రావాలి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం మూడు కిలోవాట్లకు 78 వేల రూపాయల సబ్సిడీ ఇస్తుంది. అవసరం తగ్గించుకున్న ఇంటికి అంత పెద్ద సోలార్ అక్కర్లేదు.

ఖర్చు ఎవరు పెట్టాలన్నది ఆ ఇంట్లో పొదుపు ఎవరికి దక్కుతుందో చూసి తేల్చాలి. ఏసీ నడిపే దుకాణం, ఆసుపత్రి, బ్యాంకు తమ డబ్బే పెట్టుకోవచ్చు, రెండు మూడేళ్లలో వచ్చేస్తుంది. వాటికి కావలసింది సబ్సిడీ కాదు, నియమం అమలయ్యేలా చూసే అధికారి. 200 యూనిట్ల అంచున ఉన్న కుటుంబానికి ఫ్యాన్ల ధర ఒక్కసారిగా కట్టలేకపోవడమే ఇబ్బంది, వాయిదాలు చాలు. కిరాయి ఇళ్ల యజమానికి ఆస్తి పన్నులో కొంత మినహాయింపు ఇస్తే పూత వేయించడానికి ఒక కారణం దొరుకుతుంది. బిల్లే రాని పేదింటికి మాత్రం ఖర్చు ప్రభుత్వమే పెట్టాలి, అక్కడ మిగిలే కరెంటు దానిదే కనుక. అలా పంచితే 600 గజాల గీత కింద ఉండిపోయిన ఇళ్లకూ చల్లని కప్పు అందుతుంది.